నీడకు లేని పథ్యం

చెంగమ్మ నీడ బాగుపడుతోంది. చెంగమ్మ మాత్రం బాగుపడటం లేదు.

ఈ సంగతి ముందుగా గమనించింది డాక్టర్ వకుళ. తిరుపతిలో, కొండ మొదట్లో ఉన్న మూలికల పరిశోధనశాలలో నీడలకు తిండి పెట్టడం, మందు వేయడం, ఏమైందో చూడటం ఆమె పని. నీడ అంటే మరేం కాదు, అరచేయంత గాజు పలక. దాని అసలు పేరు నోరు తిరగక అందరూ నీడ అనే ఖాయం చేసుకున్నారు. అందులో వెంట్రుక మందం కాలువలు, వాటి మధ్య చిన్న చిన్న గుంటలు ఉంటాయి. రోగి ఒంట్లోంచి తీసిన కణాలను పెంచి ఒక గుంటలో కాలేయం, ఒక గుంటలో పేగు, ఇంకో గుంటలో మూత్రపిండం, చివరి గుంటలో ఆ రోగికి వచ్చిన క్యాన్సర్ గడ్డ, అన్నీ ఆవగింజంత ముక్కలుగా కుదురుస్తారు. కాలువల్లో రక్తంలాంటి ద్రవం తిరుగుతూ ఉంటుంది. మనిషి ఒంట్లో నెల పట్టే మార్పు పలకలో ఒకటి రెండు రోజుల్లోనే కనిపిస్తుంది. అందుకే ఏ మందైనా ముందు నీడకు, ఆ తర్వాతే మనిషికి. ఈ పలకలు వచ్చాక ఎలుకల గది ఖాళీ అయింది. ఇప్పుడు అందులో విరిగిన కుర్చీలు పడేస్తున్నారు.

వేస్తున్న మందు గుట్టపాల తీగది. ఆ తీగ అడవిలో బండల సందుల్లో పాకుతుంది, తుంచితే పాలు కారతాయి. అడవి అంచు పల్లెల్లో దాన్ని నూరి గడ్డల మీద పట్టు వేస్తారు, పసరు తీసి తాగిస్తారు. పరిశోధనశాల డైరెక్టర్ పార్థసారథి ఏళ్ల తరబడి అలాంటి మొక్కలను తెప్పించి, ఎండబెట్టి, సారం తీసి పలకల మీద వేయించాడు. చాలా మొక్కలు గడ్డను చంపాయి. పార్థసారథి మాత్రం పెదవి విరిచేవాడు.

“గడ్డను చంపడం గొప్పేం కాదమ్మా, ఫినాయిల్ పోసినా చస్తుంది. పక్కనున్న కాలేయాన్ని వదిలిపెట్టే మందు కావాలి మనకు.”

గుట్టపాల తీగ వదిలిపెట్టింది. మోతాదు మించనంత వరకు గడ్డను మాత్రమే తిని ఊరుకుంది. అప్పుడే మనుషులకు ఇచ్చి చూడటానికి అనుమతి వచ్చింది, అప్పుడే వకుళ చెంగమ్మను తీసుకొచ్చింది.

చెంగమ్మ ఆమెకు చుట్టం కాదు. బైరాగిపట్టెడలో భోజనాల మెస్సు నడుపుతుంది. వకుళ చదువుకున్న అన్నేళ్లూ అక్కడే తిన్నది, పెద్దమ్మా అని పిలవడం అక్కడే అలవాటైంది. చెంగమ్మకు అండాశయంలో వచ్చిన క్యాన్సర్ ఒకసారి ఆపరేషన్‌తో, మందులతో తగ్గి మళ్లీ లేచింది. పెద్ద డాక్టర్లు ఇక ఇంటికి తీసుకెళ్లమన్నారు. ఆ మాట విని వకుళ మెస్సు వంటింట్లోనే కూలబడి ఏడ్చింది. ఇంట్లో ఉంచుకుని చూస్తూ ఊరుకోవడం కంటే తన చేతిలో ఉన్న మందు ఇచ్చి చూడటం మేలనుకుంది. చెంగమ్మ ఎదురు ప్రశ్న వేయలేదు. “నువ్వు చెప్పినావు గదా పాపా, సాలు” అని వేలిముద్ర వేయబోతే, సంతకం చేయడం వచ్చుకదమ్మా అని కూతురు కస్తూరి కసిరి పెన్ను చేతికిచ్చింది.

ఇప్పుడు చూస్తే పలకలో గడ్డ సగానికి సగం కరిగింది. ఆస్పత్రి నుంచి వచ్చిన స్కానింగులో చెంగమ్మ గడ్డ ఎక్కడిదక్కడే ఉంది. కాస్త పెరిగిందేమో కూడా.

“రక్తంలో మందు జాడే లేదు సార్” అంది వకుళ, కాగితం పార్థసారథి ముందు పెడుతూ. “మాత్రలు సక్రమంగానే వేసుకుంటోంది. ఖాళీ డబ్బాలు తెచ్చిస్తోంది.”

పార్థసారథి కళ్లజోడు పైకి తోసుకుని కాసేపు చదివాడు. “అయితే ఆమె పేగు మందును పీల్చుకోవడం లేదు. మన నీడలో పేగు బాగా పీల్చుకుంటోంది. తేడా అక్కడుంది. నీడ పేగును ఆమె పేగుకు తగ్గట్టు సరిచెయ్యి. కాలువ సన్నం చేసి చూడు. అప్పుడు మోతాదు మూడింతలు వేసి చూద్దాం.”

“ఒకసారి పెద్దమ్మతో కూర్చుని మాట్లాడి చూద్దామా సార్?”

“ఏం మాట్లాడతావు? ఆమె పేగు సంగతి ఆమెకేం తెలుసు? ఆ సంగతి చెప్పడానికే కదా పలక పెట్టుకున్నది.”

ఇందులో తప్పు పట్టడానికి ఏమీ కనబడలేదు. వకుళ పేగు గుంటకు దారి సన్నం చేసింది. అప్పుడు నీడ రక్తంలో కూడా మందు దాదాపు కనిపించకుండా పోయింది, అచ్చం చెంగమ్మ రక్తంలోలాగే. మూడింతల మోతాదు వేస్తే గడ్డ కదిలింది, కాలేయం చెక్కుచెదరలేదు. అన్నీ సరిపోయాయి. అనుమతి సంఘం వాళ్లు కూడా చూసి సరేనన్నారు. మనిషిని బట్టి నీడను దిద్దారే తప్ప, మనిషి అలా ఎందుకుందని మనిషినే అడగాలని ఆ గదిలో ఉన్న ఇంత చదువుకున్న వాళ్లలో ఎవరికీ అనిపించలేదు. వకుళకు అనిపించింది గానీ, ఒకసారి అని ఊరుకుంది.

మెస్సులో ఆ మధ్యాహ్నం ఎప్పటిలాగే రద్దీ. వకుళ చేతులు కడుక్కుని బల్ల ముందు కూర్చుంది. చెంగమ్మ తనే వచ్చి వడ్డించింది. రాగి సంగటి ముద్ద, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి, పప్పుచారు.

“బాగా తింటా ఉండావా పెద్దమ్మా?”

“తింటానే ఉండా. నువ్వే చిక్కిపోయినావు. ఆ గాజు బిళ్లల కాడ కూచోని కూచోని.”

“మందు కొంచెం పెంచినాం. పూటకు మూడు మాత్రలు. భోజనం అయినాకే వేసుకోవాల.”

“అట్లనే పాపా.”

పక్క బల్ల మీద కుర్రాడొకడు చారులో ఉప్పు లేదని గొణిగాడు. కస్తూరి లోపలి నుంచి ఉప్పు డబ్బా తెచ్చి వాడి ముందు టక్కున పెట్టింది. “మా అమ్మ ఈ మధ్య రుచి చూడకుండా వాసనతోనే వండతా ఉండాది. ఏసుకో” అంది. వకుళ నవ్వింది. నవ్వి, ఇంకో గరిటె చారు పోయించుకుని, టైమవుతోందని లేచి వెళ్లిపోయింది.

అందరూ వెళ్లాక చెంగమ్మ తన కంచం తెచ్చుకుంది. అందులో మెత్తగా వండిన అన్నం, పెసరపప్పు కట్టు, ఉడకేసిన బీరకాయ ముక్కలు. ఉప్పు లేదు, కారం లేదు, చింతపండు లేదు, ఒక్క చుక్క నూనె లేదు. మాత్రలు మొదలుపెట్టిన రోజు నుంచీ ఆమె తింటున్నది ఇదే.

నిజానికి పథ్యం సంగతి కస్తూరి మొదటి రోజే అడిగింది. “ఏ పథ్యమూ లేదమ్మా, మామూలుగా తినండి” అన్నాడు పార్థసారథి. చెంగమ్మ బుద్ధిగా తలూపింది. అయితే ఆ మాత్రలో ఉన్నది గుట్టపాల తీగ అని విన్నాక ఆమె లెక్క వేరే అయిపోయింది. ఆమె చిన్నప్పుడు తమ్ముడికి కామెర్లు వస్తే పసరు పోశారు. నాలుగు రోజులు చప్పిడి కూడు తిని విసుగెత్తి వాడు దొంగతనంగా ఊరగాయ నాకాడు. వాడు దక్కలేదు. ఊరగాయ వల్లే పోయాడని ఆ ఇంట్లో అందరూ నమ్మారు, ఊరగాయ జాడీ దించి ఇచ్చిన చెంగమ్మ అందరికంటే ఎక్కువగా నమ్మింది. చెట్టు మందుకు పత్తెం లేకపోతే ఎట్లా? ఈ కాలం వాళ్లు ఉండలేరు కాబట్టి డాక్టర్లు అడగడం మానేశారు, అంతే. ఉండగలిగిన వాళ్లు ఉంటే మందు ఇంకా బాగా పట్టదా? వకుళ పాప అంత కష్టపడి ఇప్పించిన మందు. ఆ మాత్రం నోరు కట్టుకోలేదా తను?

ఎవరూ చెప్పకుండా, ఎవరికీ చెప్పకుండా, రోజూ వందమందికి వడ్డించే మనిషి చప్పిడి కూడు తిన్నది. చూస్తే ఎంత గొప్ప ఓపిక! ఆ ఓపికే ఆమెకు ఎసరు పెట్టింది.

ఎందుకంటే ఆ మందు నీళ్లలో కరగదు. నూనెలోనే కరుగుతుంది. పరిశోధనశాలలో ఆ సంగతి అందరికీ తెలుసు. వకుళ రోజూ నీడల తిండి కలిపేటప్పుడు పిండి సారంలో, ఉప్పులో చెనిక్కాయ నూనె కూడా తగుపాటిగా వేసి చిలుకుతుంది. నూనెతో కలిస్తేనే మందు పేగు గోడ దాటుతుంది. అందుకే మాత్రల కాగితం మీద భోజనం తర్వాత అని రాశారు. చుక్క నూనె లేని భోజనం ఒకటి ఉంటుందని, అదీ మెస్సు నడిపే మనిషి తింటుందని రాసిన వాళ్లకు తట్టలేదు. చెంగమ్మ మింగిన మందు మింగినట్టే బయటికి పోతోంది. మూడింతలు చేసినా అదే దారి.

మండలం రోజులు నిండాయి. పసరు మందుకు పథ్యం మండలమే. ఆ తర్వాత తలంటుకుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని పథ్యం విడవాలి. మాత్రలు ఇంకా ఉన్నాయి, వాటిని వేసుకుంటూనే ఉండమన్నారు. పథ్యం గడువు మాత్రం చెంగమ్మ తన లెక్క ప్రకారం ముగించింది. ఆదివారం మెస్సుకు సెలవు. కస్తూరి సంబరంగా నాటుకోడి తెచ్చి పులుసు పెట్టింది, పైన నూనె తేలేలా. సంగటి ముద్దలో గుంట చేసి నెయ్యి పోసింది. ఇన్నాళ్లకు అమ్మ కంచంలో రంగు కనబడినందుకు ఆ పిల్లకు కళ్లనీళ్లు తిరిగాయి.

“ఇంకో ముక్క ఏసుకోమ్మా.”

“ఏయ్ మే. నాలిక సచ్చిపోయిందనుకున్నా, ఇంకా బతికే ఉండాది.”

చెంగమ్మ కడుపునిండా తిని, చేయి కడుక్కుని, మూడు మాత్రలూ వేసుకుంది. రాత్రికీ అంతే. మర్నాడూ అంతే. పులుసు మూడో నాటికి ఇంకా రుచిగా ఉంటుందని మిగిలింది కూడా వేడి చేసుకుని తిన్నది.

గురువారం పొద్దున కస్తూరి ఫోన్ చేసింది. “అక్కా, అమ్మ కండ్లు పచ్చంగా అయిపోయినాయి. నీళ్లు తాగినా కక్కతా ఉండాది. నువ్వు రా అక్కా, బిరీన రా.”

వకుళ ఆస్పత్రికి వెళ్లేసరికి చెంగమ్మ మంచం మీద గోడవైపు తిరిగి ఉంది. చేతులు, మెడ, అరికాళ్లు అన్నీ పసుపు రాసినట్టున్నాయి. డ్యూటీ డాక్టరు కాలేయం దెబ్బతింటోందని, మందు ఆపేయమని చెప్పాడు. ఫోన్‌లోనే ఆపించాను అంది వకుళ. ఆపినా ఈ మందు పిత్తంతో కలిసి పేగులోకి దిగి, మళ్లీ రక్తంలోకి ఎక్కి చాలా రోజులు తిరుగుతుందని ఆమెకు తెలుసు. అర్థం కానిది ఒక్కటే. పీల్చుకోలేని పేగులోంచి ఇంత మందు ఎలా ఎక్కింది?

“ఏమన్నా కొత్తది తినిందా కస్తూరీ?”

“కొత్తదేమీ లేదక్కా, కోడి పులుసే. ఇన్ని దినాలు సప్పిడి తిని తిని ఒక్కసారిగా నూనె తగిలేసరికి పడలేదేమో అనుకున్నా.”

“ఏ చప్పిడి?”

కస్తూరి తెల్లబోయింది. “పత్తెమే అక్కా. మందు మొదులుపెట్టినప్పటి నుంచీ ఉండాది గదా. నీకు తెలుసనే అనుకున్నా.”

వకుళ మంచం అంచున కూర్చుంది. రక్తంలో జాడ లేకపోవడం, నీడకూ మనిషికీ తేడా, సన్నం చేసిన కాలువ, మూడింతల మోతాదు, అన్నీ ఒకదాని వెనక ఒకటి అర్థమయ్యాయి. ఏ లోపమూ లేని పేగులోకి ఇప్పుడు నూనెతో సహా మూడింతల మందు వెళ్లింది.

“ఎందుకు చెప్పలేదు పెద్దమ్మా?” అంది. అరిచినట్టే వచ్చింది గొంతు.

చెంగమ్మ ఇటు తిరిగింది. “నువ్వు అడగలేదు గదా పాపా. బాగా తింటా ఉండావా అన్నావు. తింటా ఉండానన్నా.” వకుళ వైపు చెయ్యి చాపి, “పత్తెం ఉండేది తప్పయిందా?” అంది.

తప్పు కాదని చెప్పాలని ఉంది వకుళకు. ఆ పచ్చటి చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుంది.

పరిశోధనశాలలో దాచిన కణాలతో చెంగమ్మ పలకలు ఎప్పుడూ కొన్ని సిద్ధంగా ఉంటాయి. వకుళ వాటి పేగు కాలువలు మళ్లీ మామూలుగా తెరిచింది. కస్తూరి అదే కోడి పులుసు, అదే కొలత నూనెతో, అదే నెయ్యితో మళ్లీ వండి క్యారియర్‌లో తెచ్చింది. ఆస్పత్రిలో అమ్మ, స్టవ్ మీద అమ్మకు పడని కూర. వండుతున్నంతసేపూ ఏడ్చిందని ముఖం చూస్తేనే తెలుస్తోంది. వకుళ దాన్ని మెత్తగా రుబ్బి, వడగట్టి, మూడింతల మందు కలిపి ఒక్కో పలకకు ఎక్కించింది. నీడలు మొదటిసారి చెంగమ్మ తిన్నది తిన్నాయి.

సాయంత్రానికల్లా కాలేయం గుంటలు మసకబారాయి. అక్కడి నుంచి సగం పలకలకు ఒక పొడి ఇచ్చింది. మందును పేగులోనే పట్టేసి బయటికి తోసేసే పొడి అది. మిగతా సగం పలకలను అలాగే వదిలేసింది.

మర్నాడు మధ్యాహ్నం పార్థసారథి, ఆమె పక్కపక్కన నిలబడి చూశారు. పొడి ఇచ్చిన పలకలన్నింటిలో కాలేయం కోలుకుంటోంది. గడ్డ కూడా బతికే ఉంది. కొంత చచ్చి, కొంత మిగిలి, మిగిలింది మళ్లీ పుంజుకుంటోంది. ఆ మిగిలిన దానికి మళ్లీ మందు వేసి చూస్తే ఖాతరు చేయలేదు. పొడి ఇవ్వని పలకల్లో గడ్డ లేదు. ఆనవాలు కూడా లేదు. ఆ పలకల్లో కాలేయాలు మాత్రం ఒక్కటి తప్ప అన్నీ చచ్చిపోయాయి.

పార్థసారథి ఆ ఖాళీ గుంటలను చాలాసేపు చూశాడు. “ఇది చూడాలనే నా సర్వీసంతా గడిపాను” అన్నాడు మెల్లగా. తర్వాత స్టూలు లాక్కుని కూర్చుని ముఖం తుడుచుకున్నాడు. “పొడి ఇచ్చేస్తే ఆమెకు ఈ మందు ఇక ఎప్పటికీ పనిచేయదు.”

“ఇవ్వకపోతే ఆమే ఉండకపోవచ్చు సార్.”

“ఉండొచ్చు కూడా. ఒక పలక ఉంది కదా.”

“ఒక్కటి.”

“నువ్వేమంటావు?”

“నేనేమీ అనను. ఆమెను అడుగుతాను.”

ఆస్పత్రిలో వకుళ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. పొడి తీసుకుంటే ఏమవుతుందో, తీసుకోకపోతే ఏమవుతుందో, దేనికెంత నమ్మకముందో. కస్తూరి మధ్యలోనే అడ్డుపడింది. “అడిగేదేంది అక్కా, పొడి ఇచ్చెయ్యి.”

చెంగమ్మ వకుళ ముఖంలోకి చూసింది. “నువ్వేం జెప్తే అదే పాపా.”

“ఈసారి నేను చెప్పను పెద్దమ్మా. నేను చెప్పినందుకే నువ్వు ఇంత దూరం వచ్చినావు. ఈసారి నువ్వు చెప్పాల.”

అలా అనడం వకుళకు ఎంత కష్టమైందో ఆ గదిలో ఎవరికీ తెలియదు. పొడి వద్దు అని చెప్పాలనే చెడ్డ కోరిక ఒకటి ఆమె లోపలా ఉంది, గడ్డ పూర్తిగా పోయిన మనిషిని ఒక్కసారి కళ్లతో చూడాలని. ఆ కోరిక ఉన్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. అందుకే నోరు మూసుకుని నిలబడింది.

చెంగమ్మ పైకప్పు వైపు చూస్తూ ఆలోచించింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఎవరో ఒకరు చెబితే చేసిన మనిషి. నాన్న చెబితే పెళ్లి, మొగుడు చెబితే మెస్సు, డాక్టర్లు చెబితే ఆపరేషన్. తనకేం కావాలని ఎవరైనా అడిగి, జవాబు కోసం ఇలా ఎదురుచూడటం ఆమెకు కొత్త.

“గడ్డ పోయి, దాంతో నేనూ పోతే గడ్డ పోయిందని సంబరపడేదెవరు?” అంది చివరికి. “నాకు బతకాలని ఉండాది పాపా. ఎన్ని దినాలైతే అన్ని దినాలు. మళ్లీ వస్తే అప్పుడు సూసుకుందాం. ఆ పొడి ఇయ్యి.”

పొడి పనిచేసింది. కళ్లలో పచ్చదనం తగ్గడానికి చాలా రోజులు పట్టింది గానీ తగ్గింది. చెంగమ్మ కర్ర పట్టుకుని మెస్సు వంటింట్లోకి వచ్చి, పప్పులో పోపు మాడిందని కూతుర్ని తిట్టిన రోజు కస్తూరి వకుళకు ఫోన్ చేసి ఆ తిట్లు వినిపించింది.

పరిశోధనశాలలో దాచిన కణాలు అయిపోయాయి, పొడి ఇచ్చిన పలకల్లో ఒకటి మాత్రం ఇంకా నడుస్తోంది. మందును తట్టుకుని నిలబడ్డ గడ్డ ఇదొక్కటే కాబట్టి పార్థసారథికి అది ప్రాణంతో సమానం. అది ఎలా తట్టుకుందో తెలిస్తే తర్వాత వచ్చే రోగులకు దాన్ని దాటే మందు చేయొచ్చు. అంతేకాదు, పలక మనిషి కంటే ముందు నడుస్తుంది. చెంగమ్మ గడ్డ ఎప్పుడు మళ్లీ లేస్తుందో, ఎంత కాలానికి ఏమవుతుందో పలక ఇంకో పది రోజుల్లో చెప్పేస్తుంది.

పరీక్షకు వచ్చిన చెంగమ్మ దాన్ని చూస్తానంది. వకుళ సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టింది. చెంగమ్మ ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది.

“ఇది నేనేనా?”

“నీ ఒంట్లోదే.”

“దీనికి నాకంటే ముందే అయిపోతాదా?”

“ఏమవుతుందో ముందే తెలుస్తుంది.”

“ఎవురికి తెలుస్తాది?”

“మాకు. నీకు చెప్పమంటే చెప్తాం, వద్దంటే చెప్పం.”

చెంగమ్మ లేచి నిలబడింది. “నువ్వు దాయలేవు పాపా. అన్నానికి వచ్చినప్పుడంతా నీ మొగం సూస్తే నాకు తెలిసిపోతాది. ముద్ద దిగదు నీకు. నాకూ దిగదు. దీన్ని ఆపెయ్యి.”

వకుళ బతిమాలింది. తాను చూడనని, సార్ ఒక్కరే చూస్తారని, ఇంకెంతమందికో మేలు జరుగుతుందని. పార్థసారథి కూడా వచ్చి, కసరకుండా, ఓపికగా చెప్పాడు. “అమ్మా, దీన్ని ఆపితే మా పని ఏళ్లు వెనక్కి పోతుంది. నీలాంటి వాళ్లే ఇంకా ఎందరో ఉన్నారు.”

“ఉంటారు సామీ. వాళ్లకోసం నా ఒంట్లో ఇంకేమన్నా కావల్నంటే తీసుకోండి, కాదనను. నా సావు మాత్రం నాకంటే ముందు ఎవురూ సూడకూడదు.”

ఎప్పుడైనా వద్దనుకుంటే ఆపించుకునే హక్కు రోగికి ఉంది. అలా రాసింది పార్థసారథే. ఆయన తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

వకుళకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. పదేళ్ల పని. ఇలాంటి పలక మళ్లీ దొరుకుతుందో లేదో. చెంగమ్మ ఆమె కుర్చీ వెనక నిలబడి కదలకుండా చూస్తోంది. వకుళ ద్రవం తిప్పే మోటారు ఆపింది. కాలువల్లో కదలిక కాసేపు సాగి నిలిచిపోయింది. చివరి బొమ్మ సూక్ష్మదర్శిని పక్కనున్న తెర మీదికి రాకముందే దాన్నీ ఆపేసింది.

తర్వాతి సోమవారం చెంగమ్మ మళ్లీ వచ్చింది, కస్తూరిని వెంటబెట్టుకుని. రక్తం తీశారు, బరువు చూశారు. ఆ తర్వాత చూడటానికి ఇంకేమీ లేదు. ఇదివరకైతే ఈపాటికి వకుళ పలక ముందుకు వెళ్లి కూర్చునేది. ఇప్పుడు కుర్చీ తెచ్చుకుని చెంగమ్మ ఎదురుగా కూర్చుంది.

“ఈ వారం ఏమేం తిన్నావు పెద్దమ్మా? పొద్దున కాఫీ నుంచి మొదలుపెట్టు. ఒక్కటి కూడా వదలొద్దు.”

చెంగమ్మ కూతురి వైపు చూసింది. కస్తూరి కిటికీ వైపు చూసింది.

“సెప్తే అరవ్వు గదా?”

“అరవను.”

“మా పక్కింటామె కసాయం ఒకటి ఇచ్చింది. మంచిదంట. మూడు దినాలుగా తాగతా ఉండా.”

అరవకుండా ఉండటానికి వకుళ పెదవి గట్టిగా కొరుక్కుంది. తర్వాత కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

“ఏం కషాయం పెద్దమ్మా?” అంది. “అందులో ఏమేం వేసింది, చెప్పు.”